ఎముకకు విశ్రాంతి



ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి పదవీ విరమణము చేసినవాడను. విశ్రాంతిలో నున్నవాడు విశ్రాంతిని గూర్చి ప్రసంగించుట సులభమే గదా యని మీలో కొందఱు నవ్వుకొందురేమో. అయినను నేడు నేను చెప్పబోవునది వృద్ధుల విశ్రాంతిని గూర్చి కాదు. పరుగెత్తు పిల్లల విశ్రాంతిని గూర్చి, ఇంకను స్పష్టముగా చెప్పవలెనన్నచో, వారి యెముకల విశ్రాంతిని గూర్చి. నేను చదివినది వ్యాకరణము, కావ్యములు. వైద్యము నా విద్య గాదు. ఐనను ఈ విషయమును గూర్చి దొరికిన గ్రంథములను, తెలిసిన వైద్యులను ఏండ్ల తరబడి ఆశ్రయించితిని. దానికి కారణము నేను చేసిన యొక తప్పు. దానిని ముందుగా మీకు విన్నవించి, తరువాత చరిత్రలోనికి పోయెదను.

నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా నున్న దినములవి. డ్రిల్లు మాస్టరు పదవి ఖాళీగా నుండుటచే ఆటల భారము గూడ నా నెత్తిపై బడెను. పదవ తరగతిలో నొక బాలుడు గాలివలె పరుగెత్తెడివాడు. జిల్లా పందెములలో 1500 మీటర్ల పరుగున గెలిచినచో వానికి పట్టణములోని క్రీడల హాస్టలులో చోటు దొరకునని మా యందఱి యాశ. తండ్రి కూలిపని చేసి బ్రదుకువాడు. ఆ చోటు దొరకుట యనగా ఆ యింటికి ఒక పూట అన్నము మిగులుట, పిల్లవానికి పై చదువు దొరకుట. కావున రెండు నెలలు ముందుగనే సాధన హెచ్చించితిమి. అంతవఱకు రోజున కొక మైలు పరుగెత్తువానిని ఒక్కసారిగా నాలుగు మైళ్లు పరుగెత్తించితిని. అదియు కంకరబాటపైన, చెప్పులు లేకుండ.

మూడు వారములు గడచినవి. వాడొకనాడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, కాలి ముందరి యెముకలో నొప్పిగా నున్నదండీ" యని వ్రేలితో ఒక చోటు చూపెను. వ్రేలి కొన పట్టునంత చోటు. నేను చూచితిని. వాపు లేదు, దెబ్బ లేదు, రంగు మాఱలేదు. "నొప్పి యని కూర్చుండువాడు వీరుడెట్లగును?" అని మందలించి, ధైర్యమును గూర్చిన పద్యము లొక రెండు చదివి పంపితిని. వాడు వినయవంతుడు, మరల నోరెత్తలేదు. పందెపు దినమున రెండవ చుట్టులో అందఱికంటె ముందుండెను. మూడవ చుట్టున మలుపు తిరుగుచుండగా ఎండుకట్టె విఱిగినట్లు చప్పుడైనది. బాలుడు నేల గూలెను.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్-రే ఫిల్మును వెలుతురునకు పట్టి నాకు చూపి యిట్లనిరి: "పంతులుగారూ, ఈ యెముక ఈ దినమున విఱుగలేదండీ. నెల దినములుగా విఱుగుచునే యున్నది. నేటితో ఆ పని పూర్తియైనది." ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. ఆ బాలుని యెముక అతికినది గాని, పరుగు మరల రాలేదు. హాస్టలులో చోటును రాలేదు.

చూపునకు కానరాక నెల దినములు విఱుగు ఎముక యెట్టిది? దానిని మనుష్యు లెప్పుడు, ఎట్లు కనుగొనిరి? అది కోరునది విశ్రాంతియే యని తెలియుటకు లోకమున కింత కాలమేల పట్టెను? ఈ ప్రశ్నలకు సమాధానమే నేటి నా ప్రసంగము.

మొదట ఎముక యనగా నేమో తెలియవలెను. మనము ఎముకను చూచునది శ్మశానమందో, పాఠశాల ప్రయోగశాలలో వ్రేలాడు అస్థిపంజరమందో. అందుచే అది రాతివలె, కొయ్యవలె జడమైన పదార్థమని తలంతుము. బ్రదికియున్న శరీరములోని యెముక అట్టిది కాదు. అందు రక్తము ప్రవహించుచుండును. రెండు తెగల కణములు అందు ఎడతెగక పనిచేయుచుండును. ఒక తెగ పాతబడి బీటలు వారిన భాగమును తొలిచివేయును. రెండవ తెగ ఆ గుంతను క్రొత్త యెముకతో పూడ్చును. పరుగు, దూకుడు, బరువు మోత మొదలగు వానివలన ఎముకలో కంటికి కానరాని సూక్ష్మమైన బీటలు పుట్టుట సహజము. వానిని బాగుచేయుటకే ఈ యేర్పాటు. ఇట్లు బాగుపడిన యెముక మునుపటికంటె బలిష్ఠమగును. బెర్లిను నగరమున శస్త్రవైద్యుడుగా నుండిన జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథమున, ఎముక తనపై బడు భారమునకు తగినట్లు తన నిర్మాణమును మార్చుకొనునని ప్రతిపాదించెను. టెన్నిసు ఆటగాండ్ర కుడి యెడమ చేతులను పోల్చిచూచిన, బ్యాటు పట్టు చేతియెముక రెండవదానికంటె లావుగా నుండుట దీనికి నిదర్శనము.

అయితే ఇందొక చిక్కు గలదు. తొలుచు పని త్వరగా నగును. కట్టు పని మెల్లగా నగును. ఒకచోట తొలుచుటకు సుమారు మూడు వారములు చాలును. దానిని పూడ్చి గట్టిపఱచుటకు సుమారు మూడు నెలలు పట్టును. పెంకుటింటి కప్పు బాగుచేయించిన వారికి ఈ సంగతి బోధపడును. పగిలిన పెంకులను దింపుట ఒక పూట పని. క్రొత్త పెంకులు తెచ్చి నేయుటకు ఎన్నో దినములు కావలెను. పాతవి దింపి క్రొత్తవి వేయకమునుపే పెద్దవాన వచ్చిన, ఇంటిలోనివారి గతి యేమి? ఎముక గతియు నట్టిదే. బాగుపడుటకై తన్ను తాను పలుచన చేసికొనిన సమయమున దానిపై మునుపటికంటె ఎక్కువ భారము వేసితిమా, బీటలు ఒండొంటితో కలిసి పగులగును, పగులు విఱుగుడగును. పిల్లవాని యెముక మూడవ వారమునందే ఏల నొప్పిపెట్టినదో నాకు తెలిసినది ఈ లెక్క చదివిన తరువాతనే.

ఇక చరిత్రను చూతము. మన ప్రాచీనులు ఎముకల విఱుగుడును గూర్చి మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. సుశ్రుతసంహితలో నిదానస్థానమున పదునేనవ యధ్యాయమును, చికిత్సాస్థానమున మూడవ యధ్యాయమును భగ్నములను గూర్చినవే. కీళ్లు తొలగుట ఆఱు విధములనియు, ఎముక విఱుగుట పండ్రెండు విధములనియు సుశ్రుతుడు విభజించెను. ఆ పండ్రెండింటిలో పాటితమను నొక విధము గలదు. అనేకములైన సూక్ష్మ విదారములు గలిగి నొప్పి పెట్టునది యని దాని లక్షణము. నేటి క్రీడాకారులకు వచ్చు పగులును సుశ్రుతుడే చెప్పెనని నేను వాదింపను. పూర్వుల పేర నేటి విద్య నంతటిని వెనుకకు మోసికొనిపోవు పండితులలో నేను చేరినవాడను గాను. అయినను, ఎముక పూర్తిగా రెండు తునుక లగుటయే విఱుగుట కాదనియు, సన్నని బీటలును భగ్నమే యనియు ఆయన గుర్తించుట గమనింపదగినది.

చికిత్సలో ఆయన విధించినవి యింకను ముఖ్యములు. మోదుగ, రావి, మేడి, మఱ్ఱి మొదలగు చెట్ల పట్టలతోను, వెదురుతోను కట్లు కట్టవలెను. ఆ కట్టును చలికాలమున ఏడు దినములకును, ఎండకాలమున మూడు దినములకును, సమశీతోష్ణ కాలమున ఐదు దినములకును విప్పి కట్టవలెను. తొడ, పిక్క విఱిగినవానిని తలుపువంటి బల్లపై పరుండబెట్టి, కాలు కదలకుండ ఐదు మేకులు పాతి కట్టివేయవలెను. దానికి కపాటశయనమని పేరు. రోగి వర్జింపవలసిన వానిలో ఉప్పు, పులుసు, ఎండలతోపాటు వ్యాయామమును గూడ చేర్చెను. కాలపరిమితియు చెప్పెను: పిన్నవయసున నెల, నడివయసున దానికి రెట్టింపు, వార్ధక్యమున మూడు రెట్లు. మన తెలుగునాట తిరుపతికి అనతిదూరమున నున్న పుత్తూరు కట్టు ప్రసిద్ధము. వెదురు బద్దలతో కట్టు ఆ కట్టు కొఱకు నేటికిని దూరదేశముల నుండి జనులు వచ్చుచున్నారు. ఎక్స్-రే తీయించి వైద్యుని యభిప్రాయము తెలిసికొనకుండ కట్టుకట్టించుకొనుట అపాయకరమని నా మనవి. అయినను బద్దలయొక్క యంతరార్థము కదలనీయకుండుటయే యని గ్రహింపవలెను.

ఐరోపాఖండమున ఈ కానరాని పగులును మొదట బయటపెట్టినది ఆటలు గావు, సైన్యములు. 1855లో ప్రష్యా సైన్యమునందు వైద్యుడుగా నుండిన బ్రైట్‌హౌప్ట్ అను నాతడు, క్రొత్తగా చేరిన సిపాయిలు దూరపు నడకల తరువాత పాదములు వాచి నొప్పితో కుంటుచుండుట చూచి వర్ణించెను. దెబ్బ తగిలిన గుర్తు లేదు. పడినట్లును లేదు. స్నాయువుల పొరలు వాచినవని ఆతడు తలంచెను. ఎముకలోపల చూచు సాధన మప్పటికి లేదు గదా. పై యధికారులలో కొందఱు కుంటువానిని పనిదొంగయని యనుమానించి యుందురనుట ఊహింపవచ్చును. పిల్లవానిని నేను మందలించిన తీరు నాకు జ్ఞాపకము వచ్చుచున్నది.

1895 నవంబరులో జర్మనీయందు వుర్జ్‌బర్గ్ నగరమున రాంట్జెన్ పండితుడు క్రొత్త కిరణములను కనుగొనెను. మాంసము గుండ దూసికొనిపోయి ఎముక నీడను పలకమీద వేయు ఆ కిరణములే ఎక్స్-కిరణములు. రెండేండ్లు తిరుగకమునుపే, 1897లో, ష్టెకోవ్ అను సైనికవైద్యుడు వాచిన పాదములను ఆ కిరణములతో పరీక్షింపగా పాదపుటెముకలలో పగుళ్లు కానవచ్చెను. నలువది యేండ్లు వాపని పిలిచినది ఎముక విఱుగుడేనని తేలెను. దానికి కవాతు విఱుగుడని పేరు వచ్చెను. అయినను ఎక్స్-రే గూడ ఈ విషయమున సర్వజ్ఞ కాదు. నొప్పి మొదలైన మొదటి రెండు మూడు వారములలో ఫిల్ముపై ఏమియు కనబడకపోవచ్చును. తరువాత అతుకు ఏర్పడుచుండగా తెల్లని గుర్తు కనబడును. నేటి ఎం.ఆర్.ఐ. పరీక్ష ఎముక నడుమ కలుగు తొలి మార్పులను గూడ చూపుచున్నది. కావున "ఎక్స్-రేలో నేమియు లేదు, పరుగెత్తుము" అనుట తొందరపాటు.

విశ్రాంతి చికిత్స యని వాదించిన యిద్దఱు మహానుభావులను ఇచ్చట స్మరింపవలెను. లండనులోని గైస్ ఆసుపత్రియందు శస్త్రవైద్యుడైన జాన్ హిల్టన్ 1860 మొదలు 1862 వఱకు రాజకీయ శస్త్రవైద్య కళాశాలలో ఉపన్యాసము లిచ్చెను. అవి 1863లో గ్రంథరూపమున వెలువడి, తరువాత విశ్రాంతి, వేదన అను పేర ప్రఖ్యాతి చెందెను. గాయము నయము చేయునది ప్రకృతి యనియు, ఆ పనికి ఆటంకము కలుగనీయకుండుటయే వైద్యుని ధర్మమనియు, నొప్పి విశ్రాంతిని కోరు పిలుపనియు ఆయన మతము. నొప్పి శత్రువు కాదు, కావలివాడు. కావలివాడు కేక వేయుచుండగా వాని నోరు మూయుట దొంగకు సాయపడుట గాక మఱేమి?

రెండవవాడు లివర్‌పూల్ నగరమున బీదలకు వైద్యము చేసిన హ్యూ ఓవెన్ థామస్. 1834లో పుట్టి 1891లో గతించెను. తరతరములుగా ఎముకలు కట్టు వేల్సు దేశపు కుటుంబములోని వాడు. మన పుత్తూరివారి వంటి వంశమనుకొనుడు. తండ్రి నాటువైద్యుడు, కుమారుడు శాస్త్రమును చదివి వైద్యుడాయెను. విశ్రాంతి నిర్బంధముగా నుండవలెను, విరామము లేక యుండవలెను, దీర్ఘముగా నుండవలెను, అని ఆయన పట్టుదల. మూడు మాటలలో ఏది లోపించినను ఫలము లేదనెను. ఆనాటి వైద్యులు ఆయన మాట నంతగా లక్ష్యపెట్టలేదు. కాని ఆయన కల్పించిన తొడబద్ద, ఆయన భార్య మేనల్లుడును శిష్యుడునైన రాబర్ట్ జోన్స్ మూలమున మొదటి ప్రపంచయుద్ధమున వాడుకలోనికి వచ్చి, తుపాకిగుండ్లకు తొడలు విఱిగిన యెందఱో సిపాయిల ప్రాణములు నిలిపెను. ఈ జోన్సు గారిది యొక వినోదపు కథ గలదు. ఒకనాడు గుడారపు స్తంభము చుట్టును నాట్యమాడుచు పాదపు వెలుపలి యెముకను తానే విఱుగగొట్టుకొనెను. స్నాయువు తెగినదని మొదట తలంచి, ఎక్స్-రే తీయించి చూడగా ఎముకయే విఱిగియుండెను. 1902లో ఆ సంగతి ప్రకటించెను. నేటికిని ఆ చోటి విఱుగుడు ఆయన పేరనే పిలువబడుచున్నది. రక్తప్రసారము తక్కువగుటచే అది అతుకుట కష్టమనియు, తొందరపడినచో మరల విఱుగుననియు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాండ్ర వైద్యులు ఎఱుగుదురు.

సైన్యములలోనే ఈ విషయమున పరీక్షలును జరిగెను. 1970 దశాబ్దిలో అమెరికా సైన్యమున క్రొత్తవారికి శిక్షణ యిచ్చునపుడు, మూడవ వారమున పరుగును, దూరపు నడకను మాన్పించి చూచిరి. కట్టు పని వెనుకబడియుండు వారము అదియే గదా. అట్లు చేసిన దళములలో ఎముకల పగుళ్లు స్పష్టముగా తగ్గెను. ఇస్రాయేలు సైన్యపు వైద్యులు ఇరువదియైదేండ్ల పాటు ఈ బాధతో పోరాడి, జోళ్లు మార్చి, అట్టలు మార్చి, అనేక ప్రయోగములు చేసిరి. తుదకు రెండే రెండు మార్పులు నిజమైన ఫలమిచ్చినవని 2008లో వ్రాసిరి: సిపాయికి దినమునకు కనీసము ఆఱు గంటల నిద్ర నిర్బంధముగా నిచ్చుట, మొత్తము నడక దూరమును తగ్గించుట. వీనితో పగుళ్లు నూటికి అఱువది పాళ్లకు మించి తగ్గెనట. పరుగెత్తుటవలన అలసిన కండరము నేల అదురును తాను మ్రింగజాలక ఎముకకు వదలును. ఆ కండరమునకు బలమును, ఎముకకు మరమ్మతును ఇచ్చునది నిద్ర. మన పిల్లలను తెల్లవారుజామున నాలుగింటికి లేపి పరుగెత్తించి, రాత్రి పదునొకండు వఱకు చదివించువారు ఈ లెక్కను మనసున నుంచుకొందురు గాక.

ఆటలకు వచ్చెదను. పరుగుగాండ్ర కాలియెముకలలోని ఈ పగుళ్లను గూర్చి ఇంగ్లండు వైద్యుడు మైకేల్ డెవాస్ 1958లో వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. నేటివారు దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అందురు. మనము ఒత్తిడి పగులని చెప్పుకొనవచ్చును. మన దేశమున బాలు రందఱును క్రికెట్టు ప్రియులు గావున ఆ యాటనుండి యొక కథ చెప్పెదను.

ఆస్ట్రేలియా వేగపు బౌలరు డెన్నిస్ లిల్లీ 1973 జనవరిలో సిడ్నీ నగరమున పాకిస్తానుపై ఆడుచు నడుము నొప్పితో తల్లడిల్లుచునే బంతులు వేసెను. పాకిస్తాను 106 పరుగులకే కూలెను, ఆస్ట్రేలియా గెలిచెను. జనులు జయజయధ్వానములు చేసిరి. తరువాతి నెలలలో వెస్టిండీసు పర్యటనమున ఒక్క టెస్టు ఆడి ఆతడు నిలువలేకపోయెను. పరీక్షింపగా వెన్నెముక దిగువభాగమున ఒత్తిడి పగుళ్లు కానవచ్చెను. ఆనాడు వయస్సు ఇరువది మూడు. ఇక వీని యాట ముగిసినదని పలువురు తలంచిరి. లిల్లీ ఏమి చేసెను? మొండెమంతయు సుద్దకట్టులో బిగించుకొని ఆఱు వారములుండెను. తరువాత పడమటి ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ పైక్ మొదలగు వ్యాయామశాస్త్రజ్ఞుల పర్యవేక్షణమున కండరములను మెల్లమెల్లగా బలపఱచుకొనెను. ఒక యాటకాల మంతయు వేగపు బౌలింగు జోలికి పోలేదు. 1974 చివర ఇంగ్లండుపై మరల బంతి పట్టి, ఆ వరుసలోని ఆఱు టెస్టులలో 25 వికెట్లు తీసెను. 1984 జనవరిలో విరమించునాటికి ఆతని లెక్క 355 వికెట్లు. ఆనాటికి లోకమున కెల్ల అది హెచ్చు. అందు అధికభాగము ఆ విశ్రాంతి తరువాత సంపాదించినవే.

మఱియొక వైపు కథయు గలదు. చైనా దేశీయుడు యావ్ మింగ్, ఏడడుగుల ఆఱంగుళముల బాస్కెట్‌బాల్ వీరుడు. 2008 ఫిబ్రవరిలో ఎడమ పాదమున ఒత్తిడి పగులు కనబడెను, శస్త్రచికిత్స జరిగెను. ఆ ఆగస్టులోనే తన స్వదేశమున, బీజింగు నగరమున, ఒలింపిక్ పోటీలు. దేశమంతయు ఎదురుచూచుచుండగా ఇంట కూర్చుండుట యెవనికి సాధ్యము? ఆడెను. 2009 మే మాసమున అదే పాదమున మరల పగులు. మఱుసటి సంవత్సరపు ఆటకాల మంతయు పోయెను. 2010 చివర చీలమండలో మఱియొక పగులు. 2011 జులై నాటికి, ముప్పది యేండ్ల వయస్సుననే, ఆట మానుకొనెను. అంతటి దేహభారము, ఏటేటి తీరికలేని యాటలు, ఇట్టి కారణములు పెక్కుండవచ్చును. ఒక్క ఒలింపిక్కునే దోషిగా నిలుపుట న్యాయము కాదు. అయినను ఎముక అడిగిన కాలమును లోకము ఈయకపోవుట యెంత సహజమో దీనివలన తెలియును. మన జస్‌ప్రీత్ బుమ్రా చరిత్రయు చూడుడు. 2019లో నడుమున ఒత్తిడి పగులు. 2022లో మరల నొప్పి. ఆ సెప్టెంబరులో రెండు పందెములాడి మరల తప్పుకొని, ప్రపంచకప్పునకు దూరమాయెను. 2023 మార్చిలో శస్త్రచికిత్స. ఆగస్టు వఱకు ఆగి తిరిగి వచ్చినవాడు, 2024 ఇరువది ఓవర్ల ప్రపంచకప్పున ఉత్తమ క్రీడాకారుడుగా నిలిచెను.

ఇంత చెప్పితిని గాని, విశ్రాంతి యనగా మంచముపై పరుండుట యని యెవరును భ్రమింపరాదు. భారమే లేని యెముక క్షీణించును. అంతరిక్షమున నుండు వ్యోమగాములకు తుంటియెముకలో నెలకు నూటికి ఒక పాలు, ఒకటిన్నర పాలు తగ్గుచుండును. కావున పగిలిన చోటికి మాత్రము విశ్రాంతి, తక్కిన దేహమునకు పని. ఈదవచ్చును, లోతునీట నేల తాకకుండ పరుగెత్తినట్లు కాళ్లాడింపవచ్చును, వైద్యుడు సమ్మతించిన సైకిలు త్రొక్కవచ్చును. ఎంతకాల మనుట చోటునుబట్టి మాఱును. మోకాలి క్రింది యెముక లోపలి యంచున వచ్చిన సాధారణమైన పగులునకు ఆఱునుండి ఎనిమిది వారములు చాలవచ్చును. తుంటి మెడ, పాదమధ్యమున నున్న నావికాస్థి, కాలియెముక ముందరి యంచు, ఇవి ప్రమాదస్థానములు. నావికాస్థికి ఆఱు వారములు పాదము నేల మోపకుండ కట్టు కట్టుదురు. తుంటి మెడ విషయమున అశ్రద్ధ చేసిన, ఎముక జరిగి జన్మాంతము కుంటితనము రావచ్చును. నొప్పి పోయిన మఱునాడే మునుపటి దూరము పరుగెత్తరాదు. నడక, నడక నడుమ కొంచెము పరుగు, పిమ్మట పరుగు, ఈ క్రమమున పోవలెను. నొప్పి తిరిగి వచ్చినచో ఒక మెట్టు దిగవలెను.

అన్నమును మఱువరాదు. తినునది తక్కువై చేయునది ఎక్కువైన శరీరము ఎముకకు ఖర్చు పెట్టదు. పరుగెత్తు బాలికలకు నెలసరి నిలిచిపోయినచో, అది సాధన బాగుగా సాగుచున్నదనుటకు గుర్తు కాదు. ఎముకలు పలుచబడుచున్న వనుటకు హెచ్చరిక. తల్లులు ఈ మాటను సిగ్గుపడక అడిగి తెలిసికొని, వైద్యురాలికి చూపవలెను. పాలు, పెరుగు, రాగి, ఆకుకూరలు, కొంత యెండ, చాలినంత నిద్ర. ఇవి మన యిండ్లలో దొరకు మందులు.

ఇక నొప్పి గుర్తులు. మొదట పరుగు చివర వచ్చును. పిమ్మట పరుగు మొదటనే వచ్చును. తరువాత నడకలో వచ్చును. తుదకు రాత్రి పరుండినపుడును వచ్చును. కండరపు నొప్పి కాలంతయు వ్యాపించి రెండుమూడు దినములలో పోవును. ఎముక నొప్పిని పిల్లవాడు ఒక్క వ్రేలితో చూపును. మా బాలుడు నాకు చూపినది అట్లే. నాకు కన్నులుండియు చదువు చాలలేదు. వ్యాయామము తన శక్తిలో సగము వఱకే చేయవలెనని సుశ్రుతుడు విధించిన సంగతి నేను విద్యార్థిదశలో చదివినదే. చదివిన మాట అవసరమునకు జ్ఞప్తికి రాకున్న ఆ చదువు పుస్తకముననే యుండిపోయినట్లు.

ముగింపుగా నొక్క మాట. గత సంవత్సరము ఒక సాయంకాలము మా యింటి యరుగుమీదకు ఒక నడివయస్సువాడు పదునాలుగేండ్ల బాలికతో వచ్చెను. ఎడమకాలు కొంచెము ఈడ్చుచుండుటచే గుర్తుపట్టితిని. మా పరుగు బాలుడే. ఇప్పుడు లారీల మరమ్మతు కొట్టు నడుపుచున్నాడు. "పంతులుగారూ, మా అమ్మాయి పరుగులో గట్టిది. పది దినములలో పోటీలున్నవి. కాలిలో ఇక్కడ నొప్పి యనుచున్నది. డాక్టరుగారు ఎనిమిది వారములు వలదనిరి. అది వినదు. మీ మాటయైన వినునేమోనని తీసికొని వచ్చితినండీ" అనెను. వాని మాటలో నాపై నిష్ఠూరము లేదు. అది నాకు మఱింత బరువాయెను.

బాలిక కన్నీళ్లతో నిలుచుండెను. "తాతగారూ, ఈసారి పోతే మళ్లీ ఏడాది ఆగాలి" అనెను. నేను పద్యము చదువలేదు. దాని తండ్రి కాలు చూపితిని. ఆనాటి కథ దాచక చెప్పితిని. "అమ్మా, ఆనాడు నేను ఆగుమని చెప్పవలసినది, పరుగెత్తుమంటిని. ఆ మాట ఇన్నాళ్లకు నీతో చెప్పుచున్నాను" అంటిని. అది చాలసేపు మాటాడలేదు. తండ్రి కాలివంక చూచి, తన కాలివంక చూచుకొని, "సరే" అనెను. ఎనిమిది వారములు చెఱువులో ఈదెను. ఆ తరువాత మూడు నెలలకు మెల్లగా పరుగు మొదలుపెట్టెను. ఈ యేడు పోటీలలో రెండవదిగా వచ్చినదని మొన్న వాడు వచ్చి చెప్పిపోయెను.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, పిల్లవాడు వ్రేలితో ఒక్క చోటు చూపి నొప్పి యన్నపుడు నేను చేసినట్లు చేయకుడు. సెలవు.